చాయ్ తాగే మేకతో చిరుత వేట

మా కిషన్‌బాగ్ గల్లీలో మా బాపును ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. షికారన్న అనేవారు. పాలాయనకు షికారన్న, పోస్టుమ్యాన్‌కు షికారన్న, ఆఖరికి కరెంటు మీటరు చూడటానికి వచ్చే మనిషి కూడా "షికారన్న ఇల్లు గిదేనా?" అని తలుపు కొట్టేవాడు. బాపు కంచన్‌బాగ్ వైపు ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. పొద్దంతా నట్లతో, బోల్టులతో కుస్తీ. సాయంత్రం సైకిలు గోడకు ఆనించి, కాళ్ళు కడుక్కుని, అన్నం తిని అరుగు మీద కూర్చున్నాడంటే మాత్రం ఫిట్టరు పోయి వేటాడే షికారీ వచ్చేవాడు.

గల్లీలో సగం మంది మా అరుగు ముందే ఉండేవారు. బాపు చేతిలో చీపురుకట్ట, అది తుపాకీ. అమ్మ వాకిలి ఊడుద్దామని చీపురు కోసం వెతికే వేళకు అది అమ్రాబాద్ అడవిలో పులి మీద గురిపెట్టి ఉండేది. మొత్తం రెండు పెద్దపులులు, నాలుగు చిరుతలు, ఒక ఎలుగుబంటి. పెళ్ళి కాకముందు, ఫ్యాక్టరీ నౌకరీ దొరకకముందు, ఒక జాగీర్దారు సాబ్ వెంట ఏడేళ్ళు వేటకు తిరిగాడట. "పులి గిట్ల వస్తున్నది... గిట్ల... తుపాకి గిట్ల లేసింది... ఠప్! పడ్డది!" అనేవాడు. జనం 'హా' అని నోళ్ళు తెరిచేవారు. ఎలుగుబంటి కథ ఎండాకాలంలోనే చెప్పేవాడు. అది పొడుగుది, దానికి బడి సెలవులు కావాలి.

అమ్మ మాత్రం లోపల గిన్నెలు తోముతూ, "అడవిల పులులన్నీ సచ్చినయి గని మన పెరట్ల పందికొక్కు సావకపాయె" అనేది. బాపు వినపడనట్టు ఇంకో పులిని చంపేవాడు.

నా మెడలో పులిగోరు ఉండేది. వెండి కట్టు కట్టించి, నల్లదారంలో గుచ్చి, నేను పుట్టిన ఏడాదే బాపు వేశాడు. బడిలో అందరికీ చూపించేదాన్ని. "మా బాపు కొట్టిన పులిది" అని చెబుతుంటే నా మెడ రెండు అంగుళాలు పొడుగయ్యేది. అయిదో తరగతిలో ఉండగా మా గల్లీ చివరింటి రెండు జడల పిల్ల దాన్ని పట్టి చూసి, మూతి విరిచి, "గిది పులిగోరు గాదు. బర్రెకొమ్ము అరగదీసిండ్రు" అంది. నాకు కోపం ముందు పుడుతుంది, నేను తర్వాత పుట్టానని మా అమ్మ అనేది. రెండు జడల్లో ఒక జడ నా చేతికి దొరికింది. రిబ్బను చినిగింది. టీచరమ్మ ఇద్దరినీ ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టింది. ఆ ఎండలోనే నేను ఒట్టు పెట్టుకున్నాను. మా బాపు పులిని కొట్టడం నా కళ్ళతో చూస్తాను, చూసి వచ్చి దీని రెండో రిబ్బను కూడా చించుతాను అని.

నా అదృష్టమో బాపు దురదృష్టమో గానీ, ఆ నెల తిరక్కముందే జాగీర్దారు సాబ్ జీపు మా గల్లీలోకి వచ్చింది. జాగీరు ఏనాడో పోయింది. సాబ్‌కు మిగిలింది కూలిపోతున్న ఒక దేవిడి బంగళా, ఆ జీపు, ఒక తుపాకీ, మూడు జతల కళ్ళద్దాలు. మూడింట్లో ఏది పెట్టుకుంటే ఏది కనబడుతుందో ఆయనకే తెలియదు. అప్పట్లో ఇంకా వేటకు పర్మిట్లు ఇచ్చేవారు. అమ్రాబాద్ వైపు ఒక పల్లెలో చిరుత లేగదూడలను ఎత్తుకుపోతోందని, తనకు పర్మిట్ దొరికిందని చెప్పి, "చలో మియా, పురానే దిన్ వాపస్!" అని, పాత రోజులు తిరిగొచ్చినట్టే బాపు భుజం మీద గట్టిగా చరిచాడు.

గల్లీ అంతా వింటోంది. కాదనడానికి వీలుందా? బాపు మీసం దువ్వుకుని, "చలో సాబ్" అన్నాడు. దువ్విన మీసాన్నే మళ్ళీ మళ్ళీ దువ్వుకున్నాడు. సాబ్ ముసలితనం చూసి భయపడుతున్నాడేమో అనుకున్నాను.

"నేను గూడ వస్త" అన్నాను.

అంతే, మీసం మీది చెయ్యి కిందికి పడింది. "నువ్వెందుకు బిడ్డా? అడవిల జలగలుంటయి."

"ఉండనీ."

"స్నానాల గదులు గిట్ల ఉండయి."

"మనింట్ల ఉన్నదా?"

ఒకటిన్నర పూట నిరాహారదీక్ష చేశాను. మిగతా అరపూట ఎందుకు చేయలేదంటే ఆ రాత్రి అమ్మ తలకాయ కూర వండింది, అందులో నా తప్పేం లేదు. బాపు అటు తిరిగి పడుకుని ఇటు తిరిగి పడుకుని, "పిల్లకు అడవంటే మాటలా" అని గొణుగుతూనే ఉన్నాడు. చివరికి అమ్మే అంది: "తోల్కపోరాదయ్యా. నీ బహదూరీ నీ బిడ్డ సూడొద్దా?" ఆ మాట అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపు ఆముదం తాగిన ముఖంతో సరేనన్నాడు.

ఇక ఎర మేక సంగతి. సాబ్‌కు ఒక సిద్ధాంతం ఉండేది. అడవి పక్క మేకలకు తెలివెక్కువట. చిరుత వాసన తగలగానే నోరు మూసుకుంటాయట. అదే పాతబస్తీ మేకకైతే చిరుతంటే ఏమిటో తెలియదు కాబట్టి, చీకట్లో ఒంటరిగా కడితే ధైర్యంగా గొంతు చించుకుంటుందట. వినడానికి బాగానే ఉంది. అందుకని మా మూల మీది ఇరానీ హోటల్ మేకను ఎంచుకున్నారు.

అది మామూలు మేక కాదు. హోటల్ బల్లల కింద పుట్టి, బల్లల కిందే పెరిగింది. సాసర్లో మిగిలిన చాయ్ తాగేది, బిస్కట్ ముక్కలు తినేది. పక్కనే గ్లాసు పగిలినా, రేడియో గోలపెట్టినా, ఇద్దరు మనుషులు గల్లాలు పట్టుకుని తన్నుకున్నా కళ్ళు సగం మూసుకుని నెమరేసేది. హోటల్ సేఠ్‌కు అదంటే ప్రాణం. సాబ్ మాట కాదనలేక ఇచ్చాడు గానీ, తాడు బాపు చేతికిస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "షికారన్నా, నా మేక వాపస్ రావాలె. పొద్దుగాల అయిదింటికి దానికి చాయ్ పొయ్యాలె, యాద్ మరువకు."

"ఫికర్ నక్కో సేఠ్. నా పానం అడ్డమేస్త" అన్నాడు బాపు. ముందు మాట వేటకు సంబంధించింది కాబట్టి విన్నాడు, చాయ్ సంగతి వినలేదు.

సాగనంపడానికి గల్లీ మొత్తం వచ్చింది. ఎవరో బాపు మెడలో బంతిపూల దండ వేశారు. ఇంకెవరో మేకకూ వేశారు. మేక ముందు తన దండ తిని, తర్వాత బాపు దండ తింది. రెండు జడల పిల్ల వాళ్ళ గుమ్మంలో నిలబడి చూస్తోంది. నేను జీపులోంచి పులిగోరు బయటికి తీసి దానికి కనబడేటట్టు ఊపాను.

దారి పొడుగునా మేక తల నా ఒళ్ళో పెట్టుకుని పడుకుంది. సాబ్ పాన్ ఉమ్మిన ప్రతిసారీ గాలి దాన్ని వెనక్కి తెచ్చేది. కల్వకుర్తి చేరేసరికి నేనూ మేకా ఎవరో కత్తితో పొడిచినట్టు ఎర్రగా ఉన్నాం.

అడవి అంచున పల్లెలో మాకు దారి చూపించడానికి ఒక చెంచు పెద్దాయన ఎదురుచూస్తున్నాడు. సాబ్‌కు దూరం నుంచే దండం పెట్టాడు. బాపును చూడగానే మాత్రం చేతులు చాచి ఉరికొచ్చి వాటేసుకున్నాడు.

"ఓ మేకన్నా! బతికే ఉన్నవా! ఎన్నేండ్లాయె నీ గొంతు వినక!"

బాపుకు ఒక్కసారిగా దగ్గు వచ్చింది. దగ్గి, దగ్గి, నా వైపు తిరిగి, "మనం మేకను తెచ్చినం గద బిడ్డా, గందుకే గట్లంటుండు" అన్నాడు. మేక ఇంకా జీపులోనే, సీటు కింద పడుకుని ఉంది. నాకు అనుమానం రావాలి. రాలేదు. బాపు చెబితే పులి చెట్టెక్కి చాయ్ తాగిందన్నా నమ్మే వయసు నాది.

మధ్యాహ్నం దాటాక మంచె దగ్గరికి వెళ్ళాం. పెద్ద మద్దిచెట్టు మీద, నిచ్చెన వేసి ఎక్కేటంత ఎత్తులో కట్టారు. ఎదురుగా ఖాళీ జాగాలో మేక కోసం ఒక గుంజ పాతారు. గుంజకు పది అడుగుల దూరంలో, కోళ్ళగంప లాగా, ముళ్ళకంపతో అల్లిన ఒక గూడు కూడా ఉంది.

"గిదేంది తాతా? ఎవరికి?" అనడిగాను.

పెద్దాయన నవ్వాడు. "మేకకే బిడ్డా."

"మేకకు గుంజ ఉన్నది గద?"

బాపుకు మళ్ళీ దగ్గు వచ్చింది. నన్ను చంకలో ఎత్తుకుని గబగబా మంచె ఎక్కించాడు. పెద్దాయన మేకను గుంజకు కట్టి, పొద్దున వస్తానని పల్లెకు వెళ్ళిపోయాడు.

మంచె మీద ముగ్గురం. మధ్యలో సాబ్, ఒళ్ళో తుపాకీ. ఒక పక్క నేను, ఇంకో పక్క బాపు. పై కొమ్మకు నీళ్ళ సురాయి వేలాడదీశాం. తుమ్మకూడదు, గోక్కోకూడదు, మాట్లాడకూడదు. మేక అరుస్తుంది, చిరుత వస్తుంది, ఠప్ మంటుంది. అంతే కథ. నేను ఊపిరి బిగబట్టి మేక నోటి వంక చూస్తూ కూర్చున్నాను.

మేక ఒకసారి చుట్టూ చూసింది. అడవి. నిశ్శబ్దం. రేడియో లేదు, గ్లాసుల చప్పుడు లేదు, తన్నుకునేవాళ్ళు లేరు. పుట్టినప్పటి నుంచి దానికి దొరకనిది ఏదైనా ఉందంటే అది కమ్మటి నిద్రే. నాలుగు కాళ్ళూ ముడుచుకుని, గడ్డం నేలకు ఆనించి, నిద్రపోయింది.

సాబ్ ఒక చిన్న రాయి విసిరాడు. తప్పింది. ఇంకొకటి విసిరాడు. అదీ తప్పింది. తుపాకీ గురి ఎట్లా ఉండబోతోందో అప్పుడే తెలిసిపోవాలి మాకు. బాపు విసిరిన రాయి తగిలింది. మేక ఒక కన్ను తెరిచి, హోటల్లో ఎవరో కాలు తగిలించినట్టే సర్దుకుని, మళ్ళీ కన్ను మూసింది.

ఎండ ఎర్రబడుతోంది. సాబ్ బాపు వైపు తిరిగి గుసగుసగా, "మియా, అబ్ తుమీచ్" అన్నాడు, ఇక నువ్వే దిక్కని.

బాపు రెండు చేతులూ జోడించాడు. "నక్కో సాబ్. బచ్చీ కే సామ్నే నక్కో." పిల్ల ముందు వద్దు సాబ్, అని. కిషన్‌బాగ్‌లో పుట్టిన పిల్లకు ఉర్దూ రాదనుకుని రహస్యం ఉర్దూలో మాట్లాడుతున్నాడంటే, ఆయన ఎంత కంగారులో ఉన్నాడో చూడండి.

సాబ్ వినలేదు. రెండు పులులూ నాలుగు చిరుతలూ నీ గొంతు వినే కదా వచ్చాయి, నీలాంటి గొంతు మొత్తం నిజాం ఇలాకాలో లేదు, నీకు సిగ్గేమిటి మియా, అని ఉర్దూలో ఒక పొగడ్తల దండకం చదివాడు. "ఈడికెళ్ళే అరుస్త సాబ్" అని బాపు బతిమాలాడు. "చెట్టు మీద మేక ఉంటుందా మియా? చిరుత ఏమనుకుంటుంది?" అన్నాడు సాబ్.

బాపు నా వైపు చూశాడు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తే. ఎత్తైన గోడ మీద నిలబెట్టి దిగమంటే మనిషి చూసినట్టు చూశాడు.

"బిడ్డా, జెర కండ్లు మూస్కో."

"చెవులు?"

ఒక కాలు నిచ్చెన మీద పెట్టాడు. "చెవులు గూడ."

దిగాడు. ఆ ముళ్ళకంప గూట్లోకి చేతుల మీద, మోకాళ్ళ మీద పాకి దూరాడు. కంప మూసుకున్నాడు. నేను కళ్ళూ మూసుకోలేదు, చెవులూ మూసుకోలేదు.

"మ్మే... ఏ ఏ ఏ..."

అబద్ధం చెప్పను, అంత బాగా ఏ మేకా అరవదు. ముందు తల్లికోసం వెతుక్కునే పిల్లమేక. తర్వాత పిల్ల కోసం వెతుక్కునే తల్లిమేక. తర్వాత ఇద్దరూ ఒకరినొకరు కనుక్కోలేక ఏడవడం. నిద్రపోతున్న హోటల్ మేక కూడా లేచి నిలబడి, చెవులు నిక్కించి, ఆ గూటి వంక మర్యాదగా చూసింది. అది మాత్రం నోరు విప్పలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మేకన్న! అంటే ఇదా! రెండు పులులు, నాలుగు చిరుతలు, ఎలుగుబంటి, అన్నిటి దగ్గరా మా బాపు చేసింది ఇదా! ఎండలో మోకాళ్ళ మీద నేను నిలబడింది ఈ 'మ్మే' కోసమా! కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారాయి. మెడలో పులిగోరును తెంపి పారేద్దామని దారం పట్టుకుని లాగాను. అమ్మ కట్టిన ముడి, తెగితేగా. లాగి లాగి తల ఎత్తేసరికి, బాపు గూటి వెనక గడ్డి కదిలింది.

ముందు చుక్కలు కనిపించాయి, తర్వాత జంతువు.

నేను సాబ్‌ను గిల్లాను. సాబ్ కదల్లేదు. తొంగిచూశాను. కళ్ళద్దాలు ముక్కు కొసకు జారి ఉన్నాయి, నోరు తెరుచుకుని ఉంది, తుపాకీ ఒళ్ళో ఉంది, సాబ్ హాయిగా నిద్రపోతున్నాడు. బాపు అరుపు జోకొట్టినట్టయింది కాబోలు. ఇంకా గట్టిగా గిల్లాను. "మచ్ఛర్" అని నా చేతిని దోమను తోలినట్టు తోలేశాడు.

కింద బాపుకు వెనక ఏముందో తెలియదు. గూట్లో ముందుకు ఒంగి, మహా ఉత్సాహంగా తల్లిమేక వంతు అరుస్తున్నాడు. ఒక్కో 'మ్మే'కు చిరుత ఒక్కో అడుగు ముందుకు వేస్తోంది. ఆ ముళ్ళకంప ఎంత? మా పెరటి పందికొక్కు తలుచుకుంటే నిమిషంలో దూరే కంప. 'బాపూ' అని అరుద్దామని నోరు తెరిచాను. పిల్లికూత కూడా రాలేదు. ఇంకోసారి తెరిచాను. లోపల ఏది సిద్ధంగా ఉంటే అదే కదా బయటికి వచ్చేది. అరగంటగా చెవుల్లో నిండిపోయినదే వచ్చింది.

"మ్మే... ఏ ఏ!"

చిరుత ఆగింది. తల ఎత్తింది. మద్దిచెట్టు పైకి చూసింది. దానికి వయసు ఎంతో నాకు తెలియదు గానీ, పుట్టినప్పటి నుంచి చెట్టు మీద మేకను చూసి ఉండదు. బాపు కూడా అరుపు మధ్యలో ఆగిపోయాడు. నేను ఆగలేదు. ఏడుస్తూనే, ముక్కు చీదుకుంటూనే, ఆపకుండా మ్మే మ్మే మ్మే అని అరిచాను. చిరుత ఒకసారి నన్ను చూసింది, ఒకసారి గూటిని చూసింది, ఒకసారి ఏ గొడవా లేకుండా నెమరేస్తున్న హోటల్ మేకను చూసింది. ఇదేదో తేడా వ్యవహారంలా ఉందని అనుకున్నట్టుంది. వెనక్కి తిరిగి వచ్చిన దారినే పోయింది.

అప్పుడు సాబ్ లేచాడు. లేస్తూనే ఠప్ మనిపించాడు. సురాయి పగిలింది. నీళ్ళన్నీ మా ఇద్దరి నెత్తిన పడ్డాయి. "లగా! లగా!" అని సాబ్ తడిసిన గడ్డంతో గంతులు వేశాడు. తగలడం మాత్రం నిజంగానే తగిలింది, సురాయికి.

బాపు నిచ్చెన మెట్లు ఎక్కాడో దూకాడో తెలియదు, మరుక్షణం మంచె మీద ఉన్నాడు. చొక్కా నిండా ముళ్ళు, చెంప మీద నెత్తురు గీత. నన్ను ఒళ్ళోకి లాక్కున్నాడు. నేను రెండు పిడికిళ్ళతో ఆయన రొమ్ము మీద గుద్దాను.

"నువ్వు ఒక్క పులినన్న కొట్టినవా?"

"లే బిడ్డా."

"చిరుతను?"

"లే. తుపాకి ముట్టనే లే. అరిచిన, గంతే."

"మరి గల్లీల గన్ని అబద్ధాలెందుకు చెప్పినవ్?"

బాపు తల దించుకున్నాడు. "నేను కొట్టిన అని ఎన్నడన్న అన్ననా బిడ్డా? ఠప్, పడ్డది అన్న. సాబ్ తుపాకి ఎట్ల పట్టిండో సూపెట్టిన. వాళ్ళే షికారన్న అన్నరు. కాదనబుద్ధి కాలే. నువ్వు పుట్టినంక ఇగ అసలే కాలే."

కథలన్నీ గబగబా గుర్తు చేసుకున్నాను. నిజమే. ఒక్కసారి కూడా అనలేదు. దాంతో నా కోపం తగ్గకపోగా రెట్టింపయింది, ఎందుకంటే ఇక తిట్టడానికి కూడా ఏమీ మిగల్లేదు.

"గీ పులిగోరు?"

"అది అసల్దే. ఆ పులి వచ్చి నాకు గింత దూరంల కూసున్నది. సాబ్ మొదటి గోలీ తప్పింది. రెండో గోలీ దాకా నేను అరుస్తనే ఉన్న. అరుపు ఆపితే అది లోపలికి చూస్తది గద. సాబ్ ఈ గోరు నా చేతుల పెట్టి, గిది నీ గొంతుకు ఇనాం అన్నడు."

నేను పులిగోరును గౌన్ లోపలికి వేసుకున్నాను. అటు తిరిగి కూర్చున్నాను. ఆయన మొహం చూస్తే కోపం పోతుందని భయం.

రాత్రంతా మంచె మీదే. తెల్లవారుజామున అయిదింటికి హోటల్ మేకకు మెలకువ వచ్చింది. సాసరు లేదు. చాయ్ లేదు. అప్పుడు తెరిచింది నోరు! ఆ అరుపుకు చెట్ల మీద పిట్టలు లేచిపోయాయి, పల్లెలో కుక్కలు మొరిగాయి. అమ్రాబాద్‌లో ఉన్న చిరుతలన్నీ వినే ఉంటాయి. సాబ్ తలపట్టుకున్నాడు. చెంచు పెద్దాయన వచ్చి చాయ్ కాచి పోసేదాకా అది ఆపలేదు.

వాపసు వచ్చేటప్పుడు చాంద్రాయణగుట్ట దాటాక బాపు మెల్లగా అడిగాడు. "గల్లీల చెప్తవా బిడ్డా?"

నేను మేక చెవులు సవరిస్తూ కూర్చున్నాను. నిజంగానే ఏం చెప్పాలో నాకు తెలియదు. చెబితే షికారన్న లేడు. చెప్పకపోతే నా కడుపు పగిలిపోతుంది.

గల్లీ గల్లీ అంతా జీపు చుట్టూ మూగింది. ముందు సేఠ్ మేకను దింపుకుని ముద్దులు పెట్టుకుని, హోటల్లోకి తీసుకుపోయి సాసర్ నిండా చాయ్ పోశాడు. "షికారన్నా, ఏం కొట్టినవ్? చిరుతేది?" అని అందరూ ఒకటే లొల్లి. రెండు జడల పిల్ల మొదటి వరసలోనే నిలబడి, నా మొహం వంకే చూస్తోంది. బాపు నన్ను చూశాడు. నేను నోరు తెరిచాను.

నాకంటే ముందు ఆయనే అన్నాడు. "చిరుత లేదు. నేను ఎన్నడూ ఏ పులినీ కొట్టలే. సాబ్ కొట్టిండు. నేను ఎర మేక లెక్క అరిచేటోన్ని."

గల్లీ మొత్తం పగలబడి నవ్వింది. "షికారన్న మస్తు మజాక్ చేస్తడు!" "పెద్ద షికారీలు గిట్లనే అంటరు భాయ్!" ఒక్కరంటే ఒక్కరు నమ్మితే ఒట్టు. పన్నెండేళ్ళ కథల తర్వాత మనిషి నిజం చెబితే జోకనుకున్నారు. బాపు బిక్కమొహం వేశాడు.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. రాత్రంతా బాపు మీద దాచిపెట్టుకున్న కోపం అంతా గల్లీ మీదికి మళ్ళింది. జీపు బానెట్ ఎక్కి, "నవ్వకుండ్రి! నిజం! తుపాకోడు చెట్టు మీద కూసున్నడు, మా బాపు ఉత్త చేతులతోని కింద కూసున్నడు! చిరుత ఈడికొచ్చింది, ఈడికి!" అని అరిచాను.

రెండు జడల పిల్ల చేతులు కట్టుకుంది. "గట్లయితే అరిచి సూపియ్యుమను."

బాపు గల్లీని చూశాడు, అరుగును చూశాడు, గుమ్మంలో నిలబడ్డ అమ్మను చూశాడు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. ఎన్నడూ ఎవరి ముందూ అరవలేదు పాపం. అందుకని నేనే మొదలుపెట్టాను, పిల్లమేక వంతు. "మ్మే..."

బాపు కళ్ళు మూసుకుని తల్లిమేక వంతు అందుకున్నాడు.

ముందు వెనక గల్లీలో ఒక మేక పలికింది. తర్వాత మసీదు వెనక రెండు. తర్వాత కసాయి దుకాణం దగ్గర కట్టేసినవన్నీ. ఇళ్ళ మీద, మిద్దెల మీద, కిషన్‌బాగ్‌లో ఉన్న మేకలన్నీ మా బాపుకు జవాబు చెప్పాయి. చివరికి హోటల్లోంచి మన మేక, సగం తాగిన చాయ్ వదిలేసి, మూతికి మీగడతో, ఉరికొచ్చి బాపు కాళ్ళ దగ్గర నిలబడింది. అది చాయ్ వదిలి రావడం ఆ గల్లీలో ఎవరూ అంతకుముందు చూడలేదు. సేఠ్ టోపీ తీసి గుండెకు పెట్టుకున్నాడు.

అమ్మ మాత్రం, "పెండ్లయిన కొత్తల నాకు చెప్పిండు. అరువుమంటే అరువకపాయె" అంది. ఆమెకు మొదటి నుంచీ తెలుసన్నమాట!

రెండు జడల పిల్ల దగ్గరికొచ్చి పులిగోరును మళ్ళీ పట్టి చూసింది. "అసల్దే ఉన్నట్టున్నది" అంది. రెండో రిబ్బను చించే అవసరం రాలేదు.

షికారన్న అనే పేరు పోలేదు. దానికి కొత్త పని మాత్రం దొరికింది. ప్రతి ఏడూ బక్రీద్ ముందు ఎవరి మేక తాడు తెంపుకుని పారిపోయినా మా తలుపే తట్టేవారు. బాపు డ్యూటీ దిగి వచ్చి, చాయ్ తాగి, గల్లీ గల్లీ తిరిగి మ్మే మనేవాడు. వెనకాల నేను పిల్లమేక. దొరకని మేక లేదు. పైచదువులకు వచ్చాక నాకు సిగ్గేసి మానేశాను. ఆయన ఏమీ అనలేదు, ఒక్కడే తిరిగాడు.

నా పెళ్ళయి, నన్ను వరంగల్ పంపిస్తున్న రోజు గౌలిగూడ బస్టాండుకు అందరూ వచ్చారు. అమ్మ ఏడ్చింది, పక్కింటివాళ్ళు ఏడ్చారు, రెండు జడల పిల్ల అందరికంటే ఎక్కువ ఏడ్చింది. బాపు ఒక్కడే కనబడలేదు. బస్సు స్టార్టయింది. నేను కిటికీలోంచి మెడ చాపి వెతుకుతున్నాను. అంత లొల్లిలో, జనం వెనకనుంచి, ఎక్కడినుంచో తల్లిమేక వంతు వినబడింది.

"మ్మే... ఏ ఏ ఏ..."

కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి, సీట్ల కింద వంగి చూస్తూ, "ఎవరమ్మా బస్సుల మేకను ఎక్కించింది? టికెట్ తియ్యాలె" అని అరిచాడు. పక్కన కొత్త పెళ్ళికొడుకు, ఎదుట అత్తగారు, నెత్తిన ముసుగు, మెడలో పుస్తెల పక్కన పులిగోరు. నేను కిటికీలోంచి తల బయటపెట్టి, గొంతు ఉన్నంత మేర, పిల్లమేక వంతు అరిచాను.